బస్సులో, పెళ్లిలో, చావింట్లో ఫోను: పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా ఎలా వాడాలి?

మీరు అడిగినవి మూడు సంగతులు. కడప నుంచి కర్నూలు పోయే బస్సులో వెనక సీటాయన సౌండు బయటికి పెట్టి రీల్స్ చూస్తుంటే తగ్గించమన్నారు, ఆయన "నా ఫోను నా ఇష్టం" అని గొడవకు దిగాడు. పెళ్లిలో ఆఫీసు మెసేజికి జవాబిస్తుంటే మీ పెదనాన్న అందరి ముందూ మందలించారు. చుట్టాలింట్లో పెద్దామె పోతే, ఒకాయన శవం పక్కనే నిలబడి కువైట్‌కు వీడియో కాల్ చేశాడు. అది చూసి మీకు మనసు చివుక్కుమంది, కానీ తప్పని అనడానికి నోరు రాలేదు. ఈ మూడింటికీ పద్ధతి ఏమిటని అడిగారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా, తర్వాత బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. సెల్‌ఫోన్లు రాకముందు బస్సులు ఎట్లుండేవో చూశాను, వచ్చాక ఎట్లయ్యాయో చూశాను. ఇలాంటి గొడవలు తీర్చడం నా ఉద్యోగంలో భాగమే కాబట్టి తెలిసింది వివరంగా చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఎక్కడ ఫోను వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు అని జాబితా పెట్టుకుంటే అది ఎప్పటికీ తెగదు. నేను చూసేది ఒక్కటే: పక్కనున్న మనిషికి లేచిపోయే వీలుందా, లేదా? టీ అంగడి ముందు మీరు గట్టిగా మాట్లాడితే నచ్చనివాడు గ్లాసు పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరుగుతాడు. మైదుకూరు దాటిన బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఎక్కడికి పోతుంది? ఆసుపత్రి మంచం మీది రోగి, పంక్తిలో విస్తరి ముందు కూర్చున్న మనిషి, చావింట్లో కొడుకు, వీళ్లెవరూ లేచిపోలేరు. అలాంటి చోట తగ్గాల్సింది ఫోను చేతిలో ఉన్నవాళ్లే. అందులో వయసుతో, హోదాతో పని లేదు.

ఇక బస్సు సంగతి. పక్క సీట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే నిద్రపోతాం గానీ, ఒక్కడే ఫోన్లో మాట్లాడుతుంటే నిద్ర పట్టదు. ఎందుకని చాలామంది నన్ను అడిగారు. దీని మీద అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. దృష్టి పెట్టి చేయాల్సిన పని చేస్తున్నవాళ్లకు సంభాషణలో ఒకవైపు మాటలే వినిపిస్తే పని చెడింది. ఇద్దరి మాటలూ వినిపించినప్పుడు అంత చెడలేదు. సగమే వినపడితే మిగతా సగం ఏమై ఉంటుందా అని మన బుర్ర దానంతటదే అల్లుకుంటూ పోతుంది, ఆపుదామన్నా ఆగదు. కాబట్టి ఫోను మాటలకు చిరాకు పడేవాళ్లను ఓపిక లేనివాళ్లని అనుకోకూడదు. అది అందరికీ ఉండేదే.

అరవడానికీ కారణం ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్సుకు చెందిన లొంబార్డ్ అనే చెవి వైద్యుడు 1911లో దీని గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బస్సులో ఇంజను మోత, గాలి హోరు, దానికి తోడు గొంతు పెంచిన మనిషి. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్లో మన గొంతు మన చెవికే కొంచెం వినపడేది, అందుకని మనం ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో తెలిసేది. చాలా మొబైళ్లలో అది తెలిసేంతగా ఉండదు. పైగా ఎస్టీడీ ఫోన్ బూత్‌ల కాలంలో దూరపు కాల్ అంటే అరవాల్సిందే అని అలవాటుపడ్డ తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ బూత్‌కు మటుకు అద్దం తలుపు ఉండేది, వేసుకుని అరిచేవాళ్లు. ఇప్పుడు ఆ తలుపు పోయింది, అరుపు మిగిలింది.

సిగ్నలు తగ్గినప్పుడు కూడా గొంతు పెంచుతారు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాటులో ఎక్కితే ఇది బాగా తెలుస్తుంది. "హలో... హలో... వినపడతాందా?" అని బస్సంతా వినపడేలా కేకలు. టవరు అందకపోతే మీ అరుపు టవరు దాకా పోదు. కట్ చేసి, ఘాటు దిగినాక చేయడం ఒక్కటే మార్గం. బస్సులో మాట్లాడక తప్పనిదైతే మైకు నోటికి దగ్గరగా, చేయి అడ్డం పెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడండి. అవతలివాళ్లకు అరుపు కంటే అదే స్పష్టంగా వినిపిస్తుంది.

స్పీకరు పెట్టే పెద్దవాళ్ల గురించి చెప్పాలి. వాళ్లలో చాలామందికి చెవి మందం. ఫోను చెవికి ఆనించుకుంటే పైనుండే ఆ సన్నటి సందు సరిగ్గా చెవి మీదికి రాదు, మాట వినపడదు, అందుకే స్పీకరు నొక్కుతారు. వాళ్లను పొగరుబోతులని అనుకోకండి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే కాల్ సాగుతుండగా పక్కనున్న బటన్‌తో సౌండు పెంచి చూపించండి. వైరున్న ఇయర్‌ఫోను ఒకటి కొనివ్వండి. చెవిలో పెట్టుకునే చిన్న బ్లూటూత్ ముక్కలు పెద్దవాళ్లకు కుదరవు, జారిపడతాయి, చార్జింగు మరిచిపోతారు.

మరి చెప్పడం ఎట్లా? మీరు ఎలా చెప్పారో రాయలేదు గానీ, గొడవయ్యే తీరు నాకు తెలుసు. సీట్లోంచే వెనక్కి తిరిగి నలుగురికీ వినపడేలా "కొంచెం సౌండ్ తగ్గిస్తారా?" అంటాం. మాట మర్యాదగానే ఉంటుంది, కానీ ఆ మనిషికి నలుగురి ముందు తలవంపు అవుతుంది. మన సీమలో తలవంపు భరించే మనిషి దొరకడు. ఇక ఆ తర్వాత మాటంతా పరువు మీదే నడుస్తుంది, సౌండు ఊసే ఉండదు.

నేను చేసేది ఇది. మనిషి దగ్గరికి పోయి, కొంచెం వంగి, వరస పెట్టి పిలుస్తాను. "పెద్దాయనా, రవంత తగ్గించుకోండి, ముందు సీట్లో పసిబిడ్డ పడుకునింది" అని. లేదా "అన్నా, నాకు పొద్దున్నుంచి తలనొప్పిగా ఉంది" అని. ఎదుటి మనిషిలో తప్పు ఎత్తిచూపకుండా, మన అవసరం చెప్పుకోవాలి. నూటికి తొంభై మంది ఆ మాటకే తగ్గిస్తారు. "కామన్ సెన్స్ లేదా", "చదువుకున్నవాళ్లేనా" లాంటి మాటలు నోట్లోంచి వస్తే ఆ పని ఇక జరగదు. తగ్గించినాక ఒక నవ్వు నవ్వి "మంచిది సామీ" అనండి. అప్పుడు దిగేదాకా ఆ మనిషి మళ్లీ పెంచడు.

తగ్గించకపోతే మీరు రెండోసారి అడగొద్దు. కండక్టరుకు చెప్పండి. అడిగేవాడు మారితే పట్టుదల పోతుంది. కండక్టరు చెప్పినా వినకపోతే సీటు మారడమే మేలు. అది ఓడిపోవడం కాదు.

డబ్బుల సంగతులు స్పీకరులో మాట్లాడేవాళ్లకు ఇంకో రకంగా చెప్పాలి. బ్యాంకు పేరు, ఖాతాలో ఎంత ఉంది, ఓటీపీ అంకెలు, అన్నీ బస్సుకంతా వినపడేలా చెబుతారు. "అమ్మా, మీ అకౌంటు సంగతి వెనక సీటు దాకా వినపడతాంది, జాగ్రత్త" అంటే వెంటనే స్పీకరు ఆపేస్తారు. మర్యాద గురించి చెబితే కోపం వచ్చే మనిషికి కూడా మోసం గురించి చెబితే మేలు చేసినట్టు ఉంటుంది. నిజంగానే మేలు కూడా. అడిగింది బ్యాంకువాళ్లే అన్నా ఓటీపీ చెప్పకూడదనీ, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలనీ అదే నోటితో చెప్పండి.

కండక్టరుగా నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటి. టికెట్టు దగ్గర ఫోను చెవికి పెట్టుకునే మూడు వేళ్లు చూపిస్తారు. మూడు టికెట్లు సరే, ఎక్కడికి? ఆళ్లగడ్డకా, నంద్యాలకా? అడిగితే విసుగ్గా చేయి ఊపుతారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నిలబడేవాళ్లు పెరిగారు. ఆ సందులో దూరి, కార్డు చూసి, మిషన్లో టికెట్టు కొట్టే మనిషికి మీ పది సెకన్లు ఎంతో అక్కరకొస్తాయి. "ఒక్క నిమిషం లైన్లో ఉండు" అని ఫోనులో చెప్పి, మొహం చూసి ఊరి పేరు చెప్పండి. హోటల్లో సర్వర్, బ్యాంకు కౌంటర్లో గుమాస్తా, మందుల షాపులో కుర్రాడు, అందరి దగ్గరా ఇదే. మీ ముందు నిలబడి మీ పని చేసిపెడుతున్న మనిషి ఫోనులోని మనిషి కంటే ముందు.

రైల్లో అయితే మీకు నియమం అండగా ఉంది. రాత్రి 10 తర్వాత గట్టిగా ఫోన్లో మాట్లాడటం, ఇయర్‌ఫోన్ లేకుండా పాటలు వినడం కూడదని రైల్వే శాఖ 2022 జనవరిలో స్పష్టంగా ఆదేశాలిచ్చింది. కాచిగూడ నుంచి కర్నూలు, గుత్తి మీదుగా కడపకు వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరైనా అర్ధరాత్రి సినిమా పెడితే టీటీఈకి చెప్పొచ్చు, రైల్వే నంబరు 139కు ఫిర్యాదు చేయొచ్చు. అయినా ముందు ఒకసారి మనిషిగా అడిగి చూడండి.

పెళ్లి సంగతికి వస్తే, మీ పెదనాన్న అందరి ముందు అనడం నాకూ నచ్చలేదు. కానీ ఆయన ఏం చూశారో ఆలోచించండి. ఆయనకు మీ స్క్రీన్ మీద ఆఫీసు మెసేజ్ కనపడదు. తల వంచుకున్న మనిషి కనపడతాడు, పలకరించడానికి వచ్చిన చుట్టం ఒక నిమిషం నిలబడి వెనక్కి పోవడం కనపడుతుంది. అందుకని పని ఉంటే ముందే నోటితో చెప్పాలి. "పెదనాన్నా, ఆఫీసు నుంచి ఒక మెసేజి వచ్చింది, ఐదు నిమిషాల్లో వస్తా" అని లేచి, పందిరి బయటికి పోయి చూసుకుని రండి. కూర్చున్నచోటే పది నిమిషాలు ఫోన్లో ఉండటం కంటే, చెప్పి బయట పావుగంట ఉండటం మర్యాద. చెప్పిపోయినవాడిని ఎవరూ తప్పు పట్టరు.

పెళ్లిలో నేను గట్టిగా పట్టుబట్టేది జీలకర్రబెల్లం, తాళి కట్టే సమయం గురించి. ముందు వరసలోవాళ్లంతా లేచి ఫోన్లు పైకెత్తుతారు. వెనక కుర్చీలో పెళ్లికూతురి జేజి ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో లేవలేదు. ఆమె చూడాలనే బతికి ఉన్న ముహూర్తం అది, ఆమెకు కనిపించేది మన వీపులు. ఫొటోగ్రాఫరు ఎట్లాగూ తీస్తున్నాడు. పెళ్లివారు ముందుగానే పురోహితుడితోనో మైకులోనో "ముహూర్తం సమయంలో అందరూ కూర్చుని ఆశీర్వదించండి, ఫొటోలు తర్వాత" అని చెప్పించాలి. ఇంటివాళ్లే చెబితే ఎవరికీ కష్టం కలగదు.

ముస్లింల ఇళ్ల ఫంక్షన్లకు పోయినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. కడప, కర్నూలు ఊళ్లలో మనందరికీ ఇరుగుపొరుగు స్నేహాలున్నాయి, నిఖాకు పిలుస్తారు, పోతాం. ఆడవాళ్లు కూర్చున్న వైపు ఫొటో తీసి స్టేటస్ పెట్టడం కొన్ని ఇళ్లలో చాలా పెద్ద విషయం. తీసేముందు ఇంటివాళ్లను అడగండి, పెట్టేముందు మళ్లీ అడగండి. తీయడానికి ఒప్పుకుంటే పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఇది ఏ ఇంటికైనా వర్తిస్తుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. చావింట్లో వీడియో కాల్ చూసి మీకు బాధ కలగడం సహజం. కానీ ఆ కాల్ అవతల ఎవరున్నారో చూడాలి. కడప, రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎంతమంది కువైట్‌లో డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనివాళ్లుగా ఉన్నారో మనకు తెలుసు. తల్లి పోయిందంటే కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకోవాలి, టికెట్టు దొరకాలి, ఇంతలో ఇక్కడ మట్టి చేయడానికి పొద్దు ఆగదు. ఆ బిడ్డకు తల్లి కడసారి చూపు ఆ ఫోనులోనే. దాన్ని అమర్యాద అనడానికి నాకు నోరు రాదు. ఆ కాల్ జరగాలి. ఎట్లా జరగాలి అన్నదే మనం చూసుకోవాలి.

మొదట, వార్త చేరే తీరు. శవం ఇంటికి రాకముందే ఎవరో ఒకరు ఫొటోకు దండ వేసి, శ్రద్ధాంజలి అని స్టేటస్ పెట్టేస్తారు. కువైట్‌లో కొడుకు అది చూసి తెలుసుకుంటాడు. దీనికి మించిన క్రూరత్వం లేదు. చనిపోయినవాళ్ల కడుపున పుట్టినవాళ్లకు, తోడబుట్టినవాళ్లకు వార్త చేరిందని తేలేదాకా ఎవరూ, ఎక్కడా ఏమీ పెట్టకూడదు. ఇంటి మగవాళ్లలో ఒకరు ఈ మాట వచ్చినవాళ్లందరికీ గట్టిగా చెప్పాలి.

రెండోది, చెప్పేముందు ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవాలి. "బండి నడుపుతున్నావా నాయనా? పక్కకు ఆపుకో" అని ముందు అడగండి. వీలైతే అతని రూములో ఉండే మనూరివాడికి ముందు ఫోన్ చేసి, "వాడి పక్కనే ఉండు" అని చెప్పి, తర్వాత అతనికి చెప్పండి. అంత దూరంలో, ఒక్కడే గదిలో ఉండి తల్లి శవాన్ని స్క్రీన్ మీద చూడాల్సి రావడం ఎవరికీ రాకూడదు.

మూడోది, చూపించేటప్పుడు. ఇంటి పెద్దను అడిగి, ఒక్కరే ఫోను పట్టుకోవాలి. ఐదుగురు ఐదు ఫోన్లు పట్టుకుంటే అది తిరునాళ్లవుతుంది. స్నానం చేయించేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు కాల్ ఉండకూడదు. అంతా అయి, పడుకోబెట్టి, బొట్టు పెట్టి, పూలు వేశాక, మొహం దగ్గరగా, చేయి కదపకుండా చూపించండి. ఫోనును చుట్టూ తిప్పి ఏడుస్తున్న ఆడవాళ్లను చూపించకండి, వాళ్ల కొంగు ఎట్లా ఉందో వాళ్లకే తెలియని సమయం అది. కొడుకు ఏదైనా చెప్పుకోవాలంటే అప్పుడు స్పీకరు పెట్టండి, చుట్టూ ఉన్నవాళ్లు ఒక నిమిషం మాటలాపండి. రికార్డు చేయొద్దు. స్క్రీన్‌షాట్ తీయొద్దు. ముస్లిం కుటుంబాల్లో చనిపోయిన స్త్రీ మొహం పరాయి మగవాళ్లు చూడకూడదనే పట్టింపు చాలా చోట్ల ఉంటుంది, అక్కడ ఫోను పట్టుకునేది కూడా ఆ ఇంటి మనిషే కావాలి.

ఇది తప్ప చావింట్లో ఇంకే ఫోనూ లోపలికి రాకూడదు. గడపలో చెప్పులు విప్పేటప్పుడే సైలెంటులో పెట్టండి, వైబ్రేషన్ కూడా వద్దు. భూముల బేరాలు, చీటీ డబ్బులు, క్రికెట్ స్కోరు వీధి చివర మాట్లాడుకోవచ్చు. అత్యవసరంగా ఎవరైనా చేస్తారని భయముంటే చాలా ఫోన్లలో డూ నాట్ డిస్టర్బ్‌లో రిపీట్ కాలర్స్ అనే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే ఫోను మోగుతుంది, మొదటి కాల్ మోగదు. ఇంట్లోవాళ్లకు "అర్జంటైతే వెంటనే రెండోసారి చేయండి" అని చెప్పి పెట్టుకుంటే సరిపోతుంది. గుడికి, మసీదుకు, కోర్టుకు పోయేటప్పుడు కూడా ఇదే అక్కరకొస్తుంది.

కువైట్ మాట వచ్చింది కాబట్టి రాత్రి కాల్స్ గురించి కూడా. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు పనంతా అయి ఫోను చేతికొచ్చేసరికి రాత్రి 10 అవుతుంది, మనకు పన్నెండున్నర. ఎండాకాలం మనం మిద్దె మీద పడుకుంటాం, పక్క మిద్దె మీద వాళ్లూ పడుకునే ఉంటారు. ఆ కాల్ ఎత్తొద్దని ఎవరూ అనకూడదు, ఆ తల్లి తన బిడ్డల మాట వినేది ఆ అరగంటే. మీరే మిద్దె దిగి, లోపల గదిలో మాట్లాడండి. పక్కింటివాళ్లకు ఒకసారి పగలు చెప్పి పెట్టండి, "మా అమ్మ ఆ టైముకే చేస్తుంది" అని. చెబితే అర్థం చేసుకోని ఇరుగుపొరుగును నేను చూడలేదు.

ఆసుపత్రి గురించి క్లుప్తంగా చెబుతాను. కర్నూలు సర్వజన వైద్యశాల లాంటి పెద్ద వార్డులో ఒక్కో రోగికి వచ్చే ఫోన్లన్నీ అటెండరుగా ఉన్న ఇంటిమనిషే ఎత్తాలి, ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాలి. రోగి కళ్లు మూసుకుని "డాక్టరు ఏమీ చెప్పలేమన్నాడు" అనే మాట పదిసార్లు వింటాడు. సాయంత్రం ఒక్క వాయిస్ మెసేజి రికార్డు చేసి చుట్టాల గ్రూపులో పెట్టండి, అదీ వరండాలోకి పోయి. వీడియోలో చూపించేముందు రోగిని అడగండి. చూపిస్తే, పక్క మంచాలు కనపడకుండా చూపించండి.

చివరగా, ఫోన్ చేసేవాళ్ల బాధ్యత. ఎత్తగానే విషయంలోకి పోకుండా "మాట్లాడొచ్చా ఇప్పుడు?" అని అడగండి. బండి నడుపుతూ చేత్తో ఫోను వాడటం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగ్, మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు శిక్ష కూడా పడొచ్చు. కానీ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, మెడ వంచి బండి తోలే మనిషికి అటువైపు నుంచి ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటేనే కదా ఆ కాల్ సాగుతుంది. గాలి హోరు, హారన్లు వినపడగానే "దిగినాక నువ్వే చెయ్యి" అని పెట్టేయండి. "పర్లేదు, చెప్పు చెప్పు" అంటాడు. అయినా పెట్టేయండి.